రెండువందల నలభయ్యో ఆకు

ముందు పోయినవి చెబుతాను. ఒంట్లో పదకొండు కిలోలు. జడలో సగం. మణికట్టు సన్నబడి, ఎక్కడ జారిపోయాయో తెలియకుండా పోయిన రెండు గాజులు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలు. నాలుక మీద రుచి. ఇరవై రెండేళ్ళుగా నేను నిలబడిన పొయ్యి పక్క చోటు. ఒక తోడికోడలు.

వీటిలో కొన్ని తిరిగి వచ్చాయి. కిలోల్లో ఏడు వచ్చాయి. జుట్టు మెల్లగా వస్తోంది. రుచి పూర్తిగా వచ్చింది. గాజులు మళ్ళీ కొనుక్కున్నాను. రానిది ఒకటుంది, అది కొంటే దొరికేది కాదు. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఇది డిసెంబరు చివరి వారం. పొద్దున్న లేస్తే ఫోన్లో పువ్వులూ దీపాలూ ఉన్న బొమ్మలు. ఈ ఏడాది మేలు చేసినవాళ్ళను తలుచుకోండి, కీడు చేసినవాళ్ళను క్షమించి మరిచిపోండి అని వాటి కింద రాసి ఉంటుంది. మొదటిది చేస్తాను. రెండోది నా వల్ల కాదు. అసలు అవి రెండు పనులని కూడా నేననుకోను. మేలు చేసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతే, ఆ వరసలో ఉండవలసిన వాళ్ళెవరు లేరో అదే బయటపడుతుంది.

మేముండేది సీతాఫల్‌మండి. మా అత్తగారి వాళ్ళది భీమవరం వైపు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ శాకాహార భోజనాలు చేసి పెట్టడం మా పని. మావారు సూర్యం, మా మరిది కలిసి వంటవాళ్ళనూ బండినీ చూసుకునేవారు. నేనూ, మరిది భార్య నాగమణీ వంటశాల చూసుకునేవాళ్ళం. కింద మేము, పైన వాళ్ళు. మాకు పిల్లలు లేరు. వాళ్ళకిద్దరు, ఇద్దరూ నా చేతుల్లోనే పెరిగారు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. మా పనిలో మనుషుల్ని ఆకులతో లెక్కపెడతాం. ఒక ఆకంటే పంక్తిలో కూర్చున్న ఒక మనిషి. ఎన్ని ఆకులో, ఏ పూటో, వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో చెబితే బియ్యం ఎంత, పప్పు ఎంత, వంకాయలు ఎన్నో కాగితం అక్కర్లేకుండా చెప్పగలను. పగటి పెళ్ళికి కిలో బియ్యం ఎనిమిది ఆకులు. రాత్రి పెళ్ళికి పదకొండు, ఎందుకంటే అందరూ ఫలహారం కడుపుతో వస్తారు. ఈ తేడాలు ఎవరూ చెప్పలేదు. గుండిగల్లో మిగిలిన అన్నం చూసి నేర్చుకున్నాను.

ఫిబ్రవరి

మాఘంలో పనెక్కువ. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొయ్యి సెగ అనుకున్నాను. దిండు చెమటకు తడిసేది. ఉక్క అనుకున్నాను. కుడి చెవి కింద ఉసిరికాయంత గడ్డ తేలింది. పన్నునొప్పి అనుకున్నాను. ఇది చదివేవాళ్ళు నాలా అనుకుంటూ కూర్చోకండి. జ్వరం రోజూ ఒకే వేళకు వస్తుంటే దానికి ఏదో పేరుంటుంది. వెళ్ళి ఆ పేరేమిటో కనుక్కోండి.

గడ్డలో సూది పెట్టి పరీక్షకు తీశారు. ఫలితం కోసం ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ నాగమణీ. నా పేరు ఎంతకీ పిలవరు. కూర్చోలేక ముందుకు వాలిపోతుంటే, నా అవతల కూర్చున్న ముసలమ్మ చేతిసంచిలోంచి మడతచీర తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"గిట్ల పండుకో బిడ్డా. నీ పేరు పిలిస్తే నేను లేపుతా."

"మీ పేరు పిలిస్తేనో?"

"నాదేముందే, పిలిచి పిలిచి ఆళ్ళకే యాష్టకొస్తది."

ఆమెది ఏ ఊరో, ఏ జబ్బో నాకు తెలియదు. మేలు చేసినవాళ్ళ వరసలో మొదటి పేరు ఆమెదే కావాలి గానీ ఆ పేరు కూడా తెలియదు. మడతచీరమ్మ అని పెట్టుకున్నాను.

డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇది టీబీయేనమ్మా. కానీ గ్రంథికి వచ్చింది, ఊపిరితిత్తుల్లో లేదు. దగ్గితే తుమ్మితే మీ నుంచి ఎవరికీ అంటదు. వంట చేసుకోండి, పిల్లల్ని ఎత్తుకోండి. ఆర్నెల్లు మాత్రలు మాత్రం మానొద్దు."

నాగమణి నా పక్క కుర్చీలో ఉంది. తల ఊపింది. "ఎవరికీ అంటదు కదండీ?" అని తనే రెండోసారి అడిగింది కూడా. అంటదని డాక్టరమ్మ రెండోసారి చెప్పింది. ఇది ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, తెలియక చేసిందని రేపు ఎవరూ అనకూడదు.

బయటికి వచ్చాక ఆటో పిలిచాను. నాగమణి ఎక్కలేదు.

"మీరు వెళ్ళండక్కయ్యా. నేను కూరలు తీసుకుని వస్తాను."

ఇంట్లో ఆ రోజు కూరలకు కొదవ లేదు. పొద్దున్నే నేను లెక్కపెట్టి తెప్పించాను.

మార్చి, ఏప్రిల్

మాత్రలు మొదలయ్యాయి. మూత్రం నారింజరంగుకు తిరిగింది. ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. చెప్పనిది వేరే ఉంది. పోపు వాసన వస్తే వాంతి వచ్చేది. ఇరవై రెండేళ్ళు ఆ వాసనలో బతికినదాన్ని, ఇంగువ డబ్బా మూత తీస్తే పెరట్లోకి పరుగెత్తేదాన్ని.

ఒకరోజు నా పళ్ళెం అడుగునా, గ్లాసు అంచునా ఎర్రటి గోళ్ళరంగు చుక్క కనిపించింది. నాగమణి పెట్టింది.

"కలిసిపోకుండా ఉంటాయని అక్కయ్యా. పిల్లలున్న ఇల్లు కదండీ, ఏమీ అనుకోకండి."

మావారు ఆ చుక్క చూశారు, కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ తర్వాత వంటశాలకు నేను వెళ్ళబోతే నాగమణి గుమ్మంలోనే కుర్చీ వేసేది. "మీరు కూర్చుని లెక్క చెప్పండక్కయ్యా, చేతులు మేం పెడతాం." పిల్లలు మెట్ల మీద నిలబడి నాకు చేతులూపేవారు. దిగివచ్చేవారు కాదు. దిగొద్దని చెప్పి ఉంటారు. భోజనాలు చెప్పే పార్టీలకు ఫోన్లో ఆమె గొంతు తగ్గించి చెప్పే మాట నాకు వినబడేది. "పెద్దావిడ ఇప్పుడు వంట ముట్టుకోవట్లేదు లెండి, ఆవిడకి..." ఆ తర్వాత ముక్క ఇంకా మెల్లగా.

వంట చేయగలనా లేదా అని కాదు నా భయం. ఒంట్లో బలం వస్తుంది. నా చేయి ముట్టిన అన్నం మనుషులు మళ్ళీ తింటారా అని. వంట చేసేదానికి అంతకుమించిన చావు లేదు.

మా పక్కవాటాలో ఖైరున్ ఆపా ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఒక మధ్యాహ్నం నాగమణి మా గదిలో ఉండగా వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, అడక్కుండానే కుండలో నీళ్ళు నా గ్లాసుతో ముంచింది. చుక్క చూసింది.

"ఏందమ్మా గిది? గ్లాసుకు సుత దిష్టిచుక్క పెట్టిన్రా?"

"అది అక్కయ్యగారిదండీ. మీరు వేరేది..." అని నాగమణి లేచింది.

"ఎవరిదైతేంది, నీళ్ళే గదా." సరిగ్గా ఆ చుక్క ఉన్నచోటే పెదవి ఆనించి గటగటా తాగింది. తాగి, గ్లాసు బోర్లించి, "ఇంకో గ్లాసు పొయ్యి సత్యా, మస్తు చల్లగున్నయ్" అంది నాతో.

నాగమణి మెట్లెక్కి పోయింది. నేను ఇంకో గ్లాసు పోశాను. సగం నేల మీద పోయింది. ఆపా నవ్వలేదు, ఓదార్చలేదు. నా జాకెట్టు భుజం పట్టి చూసి, "ఇంత వదులైందా, ఇయ్యి, పట్టించి తెస్తా. లావైనంక మళ్ళ విప్పుతా" అంది. ఆ ఆర్నెల్లలో నేను లావవుతానని చెప్పిన మొదటి మనిషి ఆమె.

మే

నాగమణి వాళ్ళు మెట్టుగూడలో ఫ్లాటు కొన్నారు. వైశాఖంలో గృహప్రవేశం. భోజనాల లెక్క నన్నే అడిగింది. మంచం మీద పడుకునే చెప్పాను. అటు చుట్టాలు ఇంతమంది, ఇటు ఇంతమంది, ఫ్లాట్లవాళ్ళు, పురోహితులు, అన్నీ కూడితే రెండువందల నలభై ఆకులు. ఆ రెండువందల నలభైలో నేనూ ఉన్నాను. మనిషిని వదిలేసి కూడే అలవాటు నాకు లేదు.

ఆపా పట్టించిన జాకెట్టు వేసుకుని, పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. మేడ మీద షామియానా. మూడో పంక్తి వేస్తుంటే లేచాను.

"మీరు మెట్లెక్కలేరక్కయ్యా. ఇక్కడ ఫ్యాను కింద కూర్చోండి, పంపిస్తాను."

మెట్లెక్కే వచ్చాను ఆ ఫ్లాటుకి. లిఫ్టు ఇంకా పెట్టలేదు. అయినా కూర్చున్నాను. కాసేపటికి చెప్పుల స్టాండు పక్కన నా ముందు స్టూలు వేసి, దాని మీద కాగితం ప్లేటు పెట్టి వెళ్ళారు. పైన ఇంకో కాగితం ప్లేటు బోర్లించి ఉంది. పులిహోర, బూరె, పప్పు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

మావారి వైపు చూశాను. "ఇవాళ వద్దులే సత్యా. శుభమా అని వాళ్ళు..." అన్నారు.

తినలేదు. అందరూ దిగి వచ్చాక మేడ మీదకు వెళ్ళాను. పంక్తులన్నీ ఎత్తేశారు. పిట్టగోడ మీద, తడిగుడ్డలో చుట్టిన ఆకుల బుట్ట అడుగున ఒక్క ఆకు మిగిలి ఉంది. ఎండకు అంచులు నల్లబడుతున్నాయి. రెండువందల నలభై తెచ్చారు, రెండువందల ముప్ఫై తొమ్మిది వేశారు. నా లెక్క తప్పలేదు.

ఆ రోజు నుంచి ఒంట్లో జ్వరం తగ్గుతూ వచ్చింది. దాని చోట్లోకి ఇంకోటి వచ్చింది. దాచుకోను, అదే నన్ను నిలబెట్టింది. వాళ్ళు మెట్టుగూడ వెళ్ళిపోయారు. పని కూడా విడిగా పెట్టుకున్నారు. పాత పార్టీలన్నీ ఆమె ఫోనుకే పోయాయి.

వానలు మొదలయ్యాక

మూడో నెల దాటాక మాత్రలు మానేద్దామనిపించింది. గడ్డ కరిగింది, జ్వరం లేదు, వాంతులు మాత్రం ఉన్నాయి. రెండు రోజులు మాత్రలకు పోలేదు. మాత్రలిచ్చే కేంద్రంలో పనిచేసే అమ్మాయి గొడుగేసుకుని ఇంటికే వచ్చేసింది.

"ఏందక్కా, మంచిగైందని నువ్వే డిసైడ్ చేసినవా? సగంల ఇడిస్తే మళ్ళ గట్టిగ వస్తది. అప్పుడు గీ గోలీలు సుత పని చెయ్యవ్."

"వాంతులవుతున్నాయమ్మా."

"అయితే డాక్టరు మేడంకు చెప్పు. గోలీలకెందుకు చుట్టీ ఇస్తున్నవ్?"

వెళ్ళాను, చెప్పాను, వాంతులకు మందిచ్చారు. చదివేవాళ్ళకు నేను చెప్పగలిగే మంచిమాట ఇదొక్కటే. బాగుందనిపించినప్పుడు మానకండి. నాకైతే ఆ అమ్మాయి తిట్టు ఒక కారణం. నేను చచ్చి నాగమణిని బాకీ లేనిదాన్ని చేయకూడదన్నది రెండో కారణం. ఏది పనిచేస్తే అది పట్టుకోండి.

ఒక సాయంత్రం మంచం మీద ఉన్నదాన్ని లేచి కూర్చున్నాను. "ఆపా! పోపు మాడింది!" అని గోడ ఇవతల నుంచే అరిచాను.

గరిటె చేత్తోనే ఖైరున్ ఆపా పరుగెత్తి వచ్చింది. "నా పోపు మాడితే మాడనీ, నీ ముక్కు మళ్ళొచ్చింది!" అంది. ఆ మాడిన పప్పే ఇద్దరం తిన్నాం. వాంతి రాలేదు.

సెప్టెంబరు ఆఖర్లో మాత్రలు అయిపోయాయి. డాక్టరమ్మ మెడ తడిమి, కాగితాలు చూసి, ఇక రానక్కర్లేదంది. మావారు ఆటోలో ఏడ్చారు. నేను ఏడవలేదు. ఇంటికి రాగానే ఇసుకతో తోమి ఆ గోళ్ళరంగు చుక్కలు తీసేద్దామన్నారు. వద్దన్నాను. అవి అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆయన కూడా ఆ పళ్ళెంలోనే తింటున్నారు, అడక్కుండా. ఆయన పేరు మేలు చేసినవాళ్ళ వరసలో ఉంది గానీ చివర్లో ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఆఖరి పంక్తే.

డిసెంబరు

పోయిన వారం నాగమణి ఫోను చేసింది. మే తర్వాత అదే మొదటిసారి.

"బాగున్నారా అక్కయ్యా? బేగంపేటలో ఒక ఆఫీసువాళ్ళు ఏడాది చివర భోజనం పెట్టుకుంటున్నారండి. అరిటాకుల్లో, మన పద్ధతిలో. మూడువందల ఇరవై ఆకులు. బియ్యం ఎంత పొయ్యమంటారు?"

"అందరూ ఆఫీసువాళ్ళేనా?"

"రెండువందల డెబ్భైమంది వాళ్ళు. డ్రైవర్లు, కాపలావాళ్ళు, ఊడ్చేవాళ్ళు ఒక యాభైమంది. వాళ్ళు చివర తింటారు."

ఆమె ఏ లెక్క వేసుకుని ఉంటుందో నాకు తెలుసు. ఆఫీసు భోజనం కిలోకి పది ఆకులని నా దగ్గరే విన్నది. మూడువందల ఇరవైకి ముప్ఫై రెండు కిలోలు. కానీ ఆ లెక్క కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళకి. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నవాళ్ళకి కిలోకి ఐదే ఆకులు. రెండువందల డెబ్భైకి ఇరవై ఏడు, యాభైకి పది, గుండిగ అడుగున కాస్త మిగిలి కనబడేలా ఇంకో మూడు.

"నలభై కిలోలు పొయ్యి" అన్నాను. నిజమే చెప్పాను.

"నలభయ్యా అక్కయ్యా?" అంది. ఆ అడగడం నాకు బాగా అర్థమైంది. ఇంత కడుపుమంట ఉన్న మనిషి సరైన లెక్క ఎందుకు చెబుతుంది, అన్నం మిగిలి నా పరువు పోవాలనే చెబుతోంది అనుకుంటోంది. అలాగే అనుకోవాలని నేనూ అనుకున్నాను. "సరేనండి" అని పెట్టేసింది. నలభై పోయదని నాకు తెలుసు.

గోడ పక్కన ఖైరున్ ఆపా విన్నది. సంగతంతా చెప్పాను.

"నిజం చెప్పి పగ తీర్చుకునేటోళ్ళను నిన్నే చూస్తున్న" అని నవ్వింది. తర్వాత నవ్వాపింది. "మరి అన్నం అయిపోతే ఎవరి ఆకు కాలీగుంటది?"

"ఆఖరి పంక్తిది."

"అంటే డ్రైవర్లది. మా తమ్ముడు సుత గసోంటి ఆఫీసులనే బండి నడుపుతడు. నీ పగకు ఆళ్ళెందుకు పస్తుండాలె?"

నేను లెక్కలో ఎవరినీ వదలనని చెప్పుకునేదాన్ని. పగ లెక్కలో ఆ యాభైమందిని చూడనేలేదు. అలాగని నాగమణికి మళ్ళీ ఫోను చేసి బతిమాలనూ లేదు. నలభైలో ముప్ఫై రెండు పోతే ఎనిమిది. ఆ భోజనం రోజు పొద్దున్నే లేచి ఎనిమిది కిలోల బియ్యం వండాను. నా చేత్తోనే కడిగాను, నా చేత్తోనే చింతపండు పులుసు పట్టించాను, నా చేత్తోనే కలిపాను. పాత వంటవాళ్ళనడిగి చోటూ వేళా కనుక్కుని, మావారు గుండిగలు బండిలో పెట్టారు.

బేగంపేట చేరేసరికి ఆఫీసువాళ్ళ పంక్తులు లేచాయి. సెల్లార్లో ఆఖరి పంక్తి వేశారు. యాభై ఆకులూ పరిచి ఉన్నాయి, నీళ్ళు చల్లి ఉన్నాయి. పప్పు వడ్డించి ఉంది, అన్నం లేదు; మిగలవలసినది కూడా ముందు పంక్తుల్లో మారు వడ్డనకే పోయింది. నాగమణి గుండిగ అడుగు గీరుతోంది. వడ్డించేవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. "అన్నం వస్తాందా, లేకుంటె పప్పు తాగి పొమ్మంటరా?" అని ఒక డ్రైవరు అంటే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆకలి మీద ఉన్న నవ్వు అది.

నన్ను చూసి నాగమణి గరిటె వదిలేసింది.

బేసినులో పులిహోర తీసుకుని మొదటి ఆకు దగ్గర వంగాను. గరిటె వాడలేదు. చేత్తోనే పెట్టాను, ఆమె చూస్తుండగా, యాభై ఆకుల్లోనూ. రెండోసారి అడిగినవాళ్ళకు రెండోసారి పెట్టాను.

"అమ్మా, గిది వేరే లెవల్ ఉంది. జెర ఇంకింత ఎయ్యి" అన్నాడు ఇందాకటి డ్రైవరు.

"ఇదే చేత్తో వెయ్యనా?" అని అడిగాను.

వాడికి అర్థం కాలేదు. "మరి కాలుతోని ఎస్తవా?" అన్నాడు. పంక్తి అంతా గొల్లుమంది. నాగమణికి అర్థమైంది. చెవుల దాకా ఎర్రబడింది. ఆ ఎరుపు నేను కడుపునిండా చూశాను. పదకొండు కిలోల్లో రాని నాలుగు కిలోలూ ఆ పూటే వచ్చినట్టనిపించింది.

పంక్తి లేచాక ఆమె దగ్గరకు వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి. అవి సిగ్గువో, బెదురువో నేను తేల్చుకోలేదు.

"మీరు పొద్దుటి నుంచీ ఏమీ తిని ఉండరక్కయ్యా. తినండి."

"ఆకు వెయ్యి" అన్నాను.

ఆమె బుట్ట దగ్గరకు వెళ్ళింది. తడిగుడ్డ విప్పింది, దులిపింది.

"ఆకులు అయిపోయాయక్కయ్యా. ప్లేటులో పెట్టి తెస్తాను."

చేతులు కడుక్కున్నాను. ఖాళీ గుండిగలు బండిలో పెట్టించాను. ఇంటికి వచ్చి చుక్క ఉన్న పళ్ళెంలో తిన్నాను.

మడతచీరమ్మా, ఖైరున్ ఆపా, గొడుగేసుకు వచ్చిన అమ్మాయీ, మీ బాకీ నేను తీర్చలేను, తీర్చమని మీరు అడగరు. ఏడాది ముగిసేలోగా క్షమించమని రోజూ బొమ్మలు పంపేవాళ్ళకు మాత్రం ఇదే నా జవాబు. మెట్టుగూడ వైపు నుంచి నాకు రావలసింది, పంక్తి నడుమ, రెండు పక్కలా మనుషులు కూర్చున్న చోట, ఇవాళ్టికీ ఒక ఆకు.